సర్వర్ పహాణీ

యంత్రం అబద్ధమాడదని మన జనానికి గట్టి నమ్మకం. పక్కింటాయన మాట నమ్మనివాళ్లు కూడా తెరమీద అక్షరాలు పడితే కళ్లకద్దుకుంటారు. నేను సర్వర్ల దగ్గర ఉద్యోగం చేసుకుని బతుకుతున్నవాణ్ణి, నాకా నమ్మకం లేదు. సర్వర్‌కి తన ఒంట్లో ఏముందో తనకే తెలియదు. ఎవరో ఎప్పుడో రాసిపెట్టింది చదివి మనకి వినిపిస్తుంది. రాసినవాడు చూసే రాశాడన్న హామీ కూడా ఏమీ లేదు. ఇంతోటి సంగతి ఆడిట్ వారి బుర్రకెక్కించడం మాత్రం నా వల్ల కాలేదు.

హైదరాబాద్‌లోని మా ఆఫీసులో కుర్చీలు, బల్లలు, బీరువాలు, వాటర్ కూలర్లు అన్నీ డెడ్‌స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కుతాయి. రేయింబవళ్లు ఊపిరి సలపకుండా పనిచేసే సర్వర్లూ అందులోనే. ఆ రిజిస్టర్ గీసిన మహానుభావుడు కుర్చీల కాలం వాడు. వస్తువు పేరు, తయారీదారు, క్రమసంఖ్య, సైజు, రంగు, ప్రస్తుత స్థితి అని నిలువు గడులు గీసి వెళ్లిపోయాడు. సర్వర్ దగ్గరికి వచ్చేసరికి 'సైజు' గడిలో మెమరీ రాయాలో, డిస్క్ రాయాలో, నిజంగానే టేపు పట్టుకెళ్లి కొలవాలో ఎవరికీ తెలియలేదు. మా సూపరింటెండెంట్ గారు ధైర్యం చేసి అన్నిటికీ 'మధ్యరకం' అని రాసిపెట్టారు. అలా ఏళ్ల తరబడి ఏ గొడవా లేకుండా గడిచిపోయింది.

ఈసారి వచ్చిన ఆడిటర్ గారు పట్టుదల మనిషి. ప్రతి సర్వర్‌లో ప్రాసెసర్లెన్ని, మెమరీ ఎంత, డిస్కులెన్ని, వాటి సీరియల్ నంబర్లేమిటి, అన్నీ కావాలన్నారు.

"బిల్లుల్లో ఉన్నాయి కదండీ" అన్నాను.

"బిల్లులో ఉన్నదే పెట్టెలో ఉందని ఏమిటండీ నమ్మకం?"

లోలోపల చప్పట్లు కొట్టుకున్నాను. ఇన్నాళ్లకి ఒక మనిషి సరైన ప్రశ్న వేశాడు! కాకపోతే జవాబు కోసం మూతలు విప్పడం కుదరదు. విప్పాలంటే సర్వర్ ఆపాలి, ఆపితే జీతాల బిల్లులు ఆగుతాయి, అవి ఆగితే మూత విప్పినవాడి మూత విప్పుతారు. కొన్ని సర్వర్లలో మూత తెరిస్తే ఫలానా వేళకి తెరిచారని లాగ్‌లో రాసుకునే స్విచ్ కూడా ఉంటుంది. అందుకని కుర్చీలోంచి లేవకుండా లినక్స్ కమాండ్లతో అడిగి తెలుసుకోవడమే మా వృత్తిధర్మం. ఆడిటర్ గారిని పక్కన కూర్చోబెట్టుకుని, టీ తెప్పించి, విచారణ మొదలుపెట్టాను.

ముందుగా డీఎంఐడీకోడ్. అలన్ కాక్స్ మొదలుపెట్టిన ఈ సాధనాన్ని తర్వాత జాఁ దెల్వార్ పెంచి పోషించాడు. మామూలు యూజర్‌గా వెళ్లి అడిగితే అనుమతి లేదు పొమ్మంటుంది. రూట్ హోదాలో వెళ్తే మాత్రం పేజీలకు పేజీలు కక్కుతుంది. తయారీదారు పేరు, మోడల్, మదర్‌బోర్డు, ఏ స్లాట్‌లో ఎన్ని జీబీల మెమరీ, దాని వేగం, దాని సీరియల్ నంబర్, ఖాళీ స్లాట్లెన్ని, ఒకటేమిటి, అన్నీ. ఆడిటర్ గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"ఇంత మంచి సాధనం చేతిలో పెట్టుకుని 'మధ్యరకం' అని రాస్తారా?"

నాకు అసలు సంగతి చెప్పక తప్పలేదు. ఈ కమాండ్ పెట్టెలో ఒక్క భాగాన్ని కూడా స్వయంగా వెళ్లి పలకరించదు. యంత్రం ఆన్ అవుతూనే బయోస్ అనే ప్రోగ్రామ్ మెమరీలో ఒక పట్టిక తయారుచేసి పెడుతుంది. ఆ పట్టికని విప్పి చదవడమే డీఎంఐడీకోడ్ పని. అంటే ఊరు దాటకుండా పహాణీ చూసి పొలం సంగతి చెప్పడమన్నమాట. పహాణీలో మామిడితోట ఉంటుంది, అక్కడికి పోతే ఇటుకబట్టీ పొగలు కక్కుతూ ఉంటుంది. ఇందులో దాచిందేమీ లేదు. ఈ పట్టికల్లో ఉండేది చాలావరకు తప్పో, అసంపూర్ణమో అయి ఉంటుందని ఆ కమాండ్ మాన్యువల్‌లో రాసినవాళ్లే ఒప్పుకున్నారు. రెవెన్యూ రికార్డుల అట్టమీద కూడా ఇలాంటి వాక్యం ఒకటి అచ్చువేస్తే కోర్టుల మీద భారం సగం తగ్గుతుంది.

పెద్ద కంపెనీల పెట్టెల్లో ఈ పట్టిక పద్ధతిగా నింపి ఉంటుంది. టెండర్‌లో అందరికంటే తక్కువ ధరకి నెగ్గి మా గడప తొక్కిన పెట్టెలు కొన్నున్నాయి, తమాషా అంతా వాటి దగ్గరే. మదర్‌బోర్డు చేసినవాడు గడులన్నీ గీసి, వాటిలో నమూనాగా ఏదో ఒకటి రాసి పంపుతాడు. పెట్టె బిగించినవాడు దాన్ని చెరిపి తన పేరూ నంబరూ రాయాలి. వాడికి తీరికుండదు. దాంతో తయారీదారు ఎవరయ్యా అంటే 'టు బి ఫిల్డ్ బై ఓ.ఇ.ఎం.' అని వస్తుంది, అంటే పెట్టె బిగించినవాడెవడో వాడే నింపుకోవాలని. మోడల్ ఏమిటయ్యా అంటే మళ్లీ అదే. ఇంకో పెట్టె, సీరియల్ నంబర్ చెప్పమంటే 'సిస్టమ్ సీరియల్ నంబర్' అంటుంది. నీ పేరేమిటి అంటే 'నా పేరు' అన్నట్టు. మరికొన్ని బుద్ధిమంతులు వరసగా ఒకటీ రెండూ మూడూ అంటూ తొమ్మిది దాకా లెక్కపెట్టి చూపించాయి.

ఆ చివరి రకం దగ్గర ఆడిటర్ గారి కలం ఆగిపోయింది.

"వీటన్నిటికీ ఒకటే నంబరెలా వచ్చిందండీ?"

"అది నమూనా నంబరండీ, ఎవరూ మార్చలేదు."

"మార్చలేదా? లేక ఒకే పెట్టెని ఇన్నిసార్లు కొన్నట్టు బిల్లులు పెట్టారా?"

తర్కంలో వంకపెట్టడానికి ఏమీ లేదు. నేను టీ చల్లారిపోతోందండీ అన్నాను.

మాట మార్చడానికి అదే పట్టికలో పెట్టె ఆకారం చెప్పే భాగం చూపించాను. ఆకారం ఇదీ అని చెప్పడానికి ప్రామాణిక జాబితా ఒకటుంది. అందులో టవర్, ల్యాప్‌టాప్, ర్యాక్ పెట్టెలతో పాటు 'పిజ్జా బాక్స్', 'లంచ్ బాక్స్' అనేవి అధికారికంగా ఉన్నాయి. ఎవరో పెద్దలు సమావేశమై, భోజనవేళ దాటిపోతుండగా ఈ జాబితా ఖరారు చేసి ఉంటారని నా అనుమానం. పెట్టెకి తాళం ఉందా, కరెంటు తీగలెన్ని, ఎత్తెంత అన్నవాటికి కూడా అందులో గడులున్నాయి. ఆడిటర్ గారు ఆశగా చూశారు.

"రంగు?"

లేదు. కరెంటు తీగలు లెక్కపెట్టిన వాళ్లకి రంగు గుర్తు రాలేదు. మా సూపరింటెండెంట్ గారు వెనకనుంచి "అన్నీ నలుపేనండీ" అన్నారు. విచారణ మొత్తంలో ఎవరూ అభ్యంతరం చెప్పని సమాచారం అదొక్కటే.

తర్వాత ప్రాసెసర్లు. ఎల్ఎస్‌సీపీయూ అని కొట్టగానే పై వరసల్లోనే 64 సీపీయూలు అని వచ్చింది. బిల్లు తీసి చూస్తే ప్రాసెసర్లు 2. ఆడిటర్ గారు ఈసారి అనుమానపడలేదు, కంగారుపడ్డారు. కొన్నదానికంటే తక్కువుంటే ఏం రాయాలో ఆయనకి తెలుసు, ఎక్కువుంటే ఏం రాయాలో సర్వీసులో ఎవరూ నేర్పలేదు. ఓపిగ్గా చెప్పాను. సాకెట్లు 2, ఒక్కో దాంట్లో 16 కోర్లు, ఒక్కో కోర్ రెండు పనులు ఒకేసారి పట్టుకున్నట్టు నటించే ఏర్పాటు. ఇంటెల్ వాళ్లు 2002లో సర్వర్ ప్రాసెసర్లలో తెచ్చిన ఆ ఏర్పాటు పేరు హైపర్ థ్రెడింగ్. లినక్స్ ఆ నటనని కూడా లెక్కలో వేసుకుని 64 అంటుంది. మా డైరెక్టర్ గారి ప్రసంగాల్లో ఇది 64 ప్రాసెసర్ల సర్వర్. కోర్ల లెక్కన డబ్బు గుంజే డేటాబేస్ కంపెనీ వాళ్లకి 32. కొనుగోళ్ల సెక్షన్‌కి 2. ముగ్గురూ నిజమే చెబుతున్నారు, ఎవరి నిజం వాళ్లకి గిట్టుబాటు. ఆడిటర్ గారు కాసేపు ఆలోచించి, బిల్లుకి దగ్గరగా ఉంది కాబట్టి 2 అని రాసుకున్నారు.

డిస్కుల దగ్గర ఇంకో పేచీ. బిల్లులో 4 టీబీ. ఎల్ఎస్‌బ్లాక్ కమాండ్ 3.6 అంది.

"తరుగెంతండీ ఇది?" అన్నారు, అప్పటికే కాలిక్యులేటర్ తీసి. "పది శాతం! ఎవరి ఖాతాలో పోయింది?"

ఎవరి ఖాతాలోనూ పోలేదు. డిస్కు అమ్మేవాడు వెయ్యికి వెయ్యే లెక్కపెడతాడు. ఈ కమాండ్ 1,024 అయితే తప్ప వెయ్యి పూర్తయిందని ఒప్పుకోదు. ఆ పైనున్న 24 మెట్టు మెట్టుకీ పెరుగుతూ పోయి టీబీల దగ్గరికి వచ్చేసరికి ఇంత తేడా తెస్తుంది. "బైట్లలో చూస్తే సరిగ్గానే ఉంటుందండీ, మొత్తం 4 లక్షల కోట్లు" అన్నాను. లక్షల కోట్లు అన్న మాట ఏ ఆడిటర్ ముందూ అనకూడదని అప్పుడు తెలిసింది. ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని, తలుపు వైపొకసారి చూసి, గొంతు తగ్గించి, ఆ అంకెను రెండుసార్లు చెప్పించుకున్నారు.

ఎల్ఎస్‌పీసీఐ గురించి ఎక్కువ చెప్పను, అది మర్యాదస్తురాలు. లోపలున్న కార్డుల్ని నిజంగానే నంబర్లు అడిగి తెస్తుంది, ఏ నంబరు ఏ కంపెనీదో చెప్పే జాబితా పక్కన పెట్టుకుని పేర్లు చదువుతుంది. ఇంటెల్ కంపెనీ నంబరు 8086. అది వాళ్లు 1978లో తెచ్చిన ప్రాసెసర్ పేరు. ఫ్యాన్సీ నంబరు కోసం ఆర్టీఏ వేలంలో లక్షలు పోసే మన వాళ్లకి ఈ ముచ్చట బాగా అర్థమవుతుంది.

ఇంతవరకూ కూర్చున్న చోటే కథ నడిచింది. తెరమీద కనబడే ఈ సర్వర్, గదిలో ఉన్న ఆ పెట్టెల్లో ఏది అన్నది అసలు ప్రశ్న. తనిఖీ చేసిన ప్రతి పెట్టెకీ స్టిక్కర్ అంటించాలి కదా! దానికీ సాధనముంది. సర్వర్ లోపల బీఎంసీ అని ఇంకో బుల్లి కంప్యూటర్ ఉంటుంది. సర్వర్ ఆపేసి ఉన్నా, తీగలో కరెంటున్నంత సేపూ అది మేలుకునే ఉంటుంది. దానితో మాట్లాడే పద్ధతికి ఐపీఎంఐ అని పేరుపెట్టి 1998లో ఇంటెల్, డెల్, హెచ్‌పీ, ఎన్ఈసీ కలిసి ఖరారు చేశాయి. ఐపీఎంఐటూల్‌తో దానికి కబురుపెడితే పెట్టె ముందు గుర్తింపు దీపం వెలిగిస్తుంది. మా టెక్నీషియన్ కుర్రాణ్ణి సర్వర్ గదిలో నిలబెట్టి, ఫోన్‌లో ఉండమని, కమాండ్ కొట్టాను.

"ఏది మెరుస్తోందో చూడు నాయనా."

"అన్నీ మెరుస్తున్నయ్ సార్."

"అవి కాదు. కొత్తగా మెరిసేది."

"సార్, ఆడ అన్నీ కొత్తగనే మెరుస్తున్నయ్. పచ్చయి, ఎర్రయి, దీపావళి లెక్క ఉన్నది."

"నీలం దీపం. పెద్దది."

"ఆగుండ్రి సార్, ఎనకకు పోయి చూస్త."

ఎంతసేపో మనం చెప్పకపోతే ఆ దీపం 15 సెకన్లే వెలుగుతుంది. మనవాడు ర్యాక్ చుట్టూ తిరిగి వెనక్కి చేరేసరికి ఆరిపోయింది. మళ్లీ వెలిగించాను, అప్పటికి వాడు ముందుకు వస్తున్నాడు. ఆరిపోకుండా వెలిగించే పద్ధతి కూడా ఉంది, దాన్ని వాడేదాకా వాడు ఆ ర్యాక్ చుట్టూ చేసిన ప్రదక్షిణలు చూసి గది బయట అటెండర్ చెప్పులు విప్పాడు. నెట్‌వర్క్ తీగ ఏ రంధ్రంలో ఉందో కనుక్కోవడానికి ఎథ్‌టూల్ కూడా ఇలాగే ఆ రంధ్రం పక్కనున్న చిన్న దీపాన్ని మిణుకుమనిపిస్తుంది. ఆ కబురు నేను వాడికి చెప్పలేదు.

ఇక జాబితాలో చివరన క్లౌడ్ సర్వర్ ఒకటుంది. అద్దెది. అది ఏ ఊళ్లో ఉందో స్థూలంగా తెలుసు, ఏ పెట్టెలో ఉందో మాకు తెలియదు, ఎందుకంటే అది పెట్టె కాదు, పెట్టెలో నడిచే ఒక ప్రోగ్రామ్ మాత్రమే. అయినా సరే, డీఎంఐడీకోడ్ అడిగితే దానికీ పట్టిక ఉంది. తయారీదారు: క్యూఈఎంయూ. మోడల్: స్టాండర్డ్ పీసీ, 1996.

"1996?" అన్నారు ఆడిటర్ గారు. "పోయిన ఏడాది మొదలుపెట్టిన అద్దెకి ఇరవయ్యేళ్లు దాటిన సామానా?"

అది నిజమైన 1996 నాటి పీసీ కాదు. ఇంటెల్ ఆ ఏడు తెచ్చిన ఒక చిప్‌సెట్ వేషం కట్టిన ప్రోగ్రామ్. పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లకి కూడా పరిచయమున్న ముఖమైతే ఎవరూ బెదరరని ఆ వేషం. వేషమంటే పూర్తి వేషమే, అందులో ఫ్లాపీ డ్రైవ్ కూడా ఉంటుంది. ఫ్లాపీ అన్న వస్తువును పిల్లలు సేవ్ బటన్ బొమ్మగా తప్ప ఎరగని ఈ రోజుల్లో, లేని యంత్రానికి లేని డ్రైవ్! దాన్ని చూసి నవ్వుకున్నవాళ్ల నవ్వు 2015లో ఆగిపోయింది. ఆ ఊహా ఫ్లాపీని నడిపే కోడ్‌లో 2004 నుంచీ ఒక బొక్క ఉండిపోయిందని, అందులోంచి ఒక అద్దెదారు గోడ దాటి పక్కవాళ్ల వాటాల్లోకి దూరవచ్చని అప్పుడు బయటపడింది. ఆ బొక్కకి వెనమ్ అని పేరుపెట్టి లోకమంతా హడావుడిగా పూడ్చుకుంది.

ఆడిటర్ గారు ఇదంతా శ్రద్ధగా విని, "సరే, మరి స్టిక్కర్ ఎక్కడ అంటిస్తారు?" అన్నారు. స్టిక్కర్ లేని ఆస్తిని భౌతికంగా తనిఖీ చేసినట్టు రాయడం ఆయన చేతుల్లో లేదట. అద్దెది ఆస్తి కాదండీ అన్నాను. రిజిస్టర్‌లో ఎక్కింది కాబట్టి ఆస్తేనన్నారు. చివరికి సూపరింటెండెంట్ గారు మధ్యవర్తిత్వం చేసి, స్టిక్కర్‌ను నెలనెలా వచ్చే అద్దె బిల్లుల ఫైలుకి అంటించారు. రంగు గడిలో దానికీ నలుపే.

ఇంకా ఒక కమాండ్ మిగిలింది, స్మార్ట్‌సీటీఎల్. డిస్కుల ఆరోగ్యం చెబుతుంది. నిజానికి డిస్కుల దగ్గరికి చేరడమే కష్టం. మధ్యలో రెయిడ్ కార్డు ఉంటే కొన్ని డిస్కుల్ని కలిపి ఒకటే అని చూపించి, లోపలివాళ్లని బయటికి రానివ్వదు. నంబరు పెట్టి ఒక్కొక్కరినీ పిలవాలి. పిలిచాను. అన్నీ 'పాస్' అన్నాయి. ఆ పాస్‌ని నేను పెద్దగా పట్టించుకోను. గూగుల్ వాళ్లు తమ దగ్గరున్న లక్షకు పైగా డిస్కుల్ని పరిశీలించి 2007లో ఒక పత్రం వెలువరించారు. చెడిపోయిన వాటిలో 56 శాతానికి పైగా, బలమైనవిగా తేలిన నాలుగు సూచికల్లో ఒక్కదానిలోనూ ఏ లక్షణం చూపించకుండానే పోయాయి. పొద్దున పాస్, మధ్యాహ్నం దహనం.

స్మార్ట్‌సీటీఎల్ ఇచ్చే నివేదికలో నేను చూసేది ఒకే ఒక వరస: డిస్కు తిరిగిన గంటలు. ఇది బయోస్ చెప్పింది కాదు, ఫ్యాక్టరీలో ఎవరో రాసింది కాదు. డిస్కు తనకు తాను గంటగంటకీ గీత గీసుకున్న లెక్క. దాన్ని కూడా తుడిచి కొత్తదని అమ్మే ఘనులు లోకంలో ఉన్నారు. మాకు అమ్మినవాడికి మాత్రం ఆ శ్రమ కూడా అనవసరమనిపించినట్టుంది. ఒక డిస్కు 43,000 గంటలంది. అంటే అటూఇటుగా ఐదేళ్లు. బిల్లు తీసి చూశాను. కొని మూడేళ్లు.

నా గుండె వేగం పెరిగింది. 'బిల్లులో ఉన్నదే పెట్టెలో ఉందని ఏమిటి నమ్మకం' అన్న ప్రశ్నకి ఎదురుగా, తెరమీద, అంకెల్లో జవాబు. మాకు కొత్తదని అమ్మిన డిస్కు మా గడప తొక్కకముందే రెండేళ్లు ఎక్కడో చాకిరీ చేసి వచ్చింది. ఆడిటర్ గారికి వేలుపెట్టి చూపించాను. భాగించి చూపించాను. బిల్లు తేదీ చూపించాను. ఆయన కళ్లజోడు సవరించుకుని తెర చూశారు, బిల్లు చూశారు, రిజిస్టర్ తెరిచి ఎడమ చివరి నుంచి కుడి చివరి దాకా గడులన్నీ వేలితో దాటుకుంటూ వెళ్లారు.

"గంటలు రాయడానికి ఇందులో గడి లేదండీ" అన్నారు.

'ప్రస్తుత స్థితి' గడి ఉంది కదా అన్నాను. అందులో 'పనిచేయుచున్నది', 'పనిచేయుట లేదు' అన్న రెండే రాయవచ్చట. డిస్కు తిరుగుతూనే ఉంది కాబట్టి మొదటిదే రాశారు. నేను విడిగా ఒక నోట్ రాసి డైరెక్టర్ గారికి పెట్టాను. దాన్ని చర్చించవలెనన్న ఎర్రసిరా మాటతో ఫైలు తిరిగొచ్చింది. చర్చకి తేదీ వెయ్యడానికి కూడా గడి లేదనుకుంటా.

కొన్నాళ్లకి ఆడిట్ నివేదిక వచ్చింది. డిస్కుల ఊసు లేదు, తరుగు ఊసు లేదు, లక్షల కోట్ల ఊసు దేవుడి దయవల్ల లేదు. ఉన్నది ఒకే ఒక్క అభ్యంతరం: కొన్ని సర్వర్ల తయారీదారు, మోడల్ వివరాలు ఓ.ఇ.ఎం. అను సంస్థ పూరించవలసి ఉండగా నేటి వరకు పూరించలేదు, సదరు సంస్థ నుంచి వెంటనే వివరాలు రాబట్టి, జాప్యానికి తగు జరిమానా వసూలు చేయవలెను.

ఫైలు కొనుగోళ్ల సెక్షన్‌కి వెళ్లింది. అక్కడివాళ్లు శ్రద్ధగలవాళ్లు, లేఖ చిత్తుప్రతి కూడా తయారుచేశారు. నిన్న నా బల్లమీదికి వచ్చింది. ఓ.ఇ.ఎం. వారి పూర్తి చిరునామా, జీఎస్టీ నంబరు కావాలట.